తలుపు బయట కూర్చున్నవాడు

జూన్ 3

అక్కా,

ఎలా ఉన్నావని అడగను. పిల్లల వార్డుకి హెడ్ నర్సువి, నీ జోలికి రావాలంటే జబ్బే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుంటుంది. ఫోన్ చెయ్యకుండా ఉత్తరమెందుకో నీకు తెలుసు. ఫోన్లో అయితే మూడో నిమిషానికి పోట్లాట, నాలుగో నిమిషానికి ఎవరో ఒకరం పెట్టెయ్యడం. కాగితం మీదైతే నన్ను కనీసం చివరిదాకా చెప్పనిస్తావు.

పిల్ల వచ్చింది. మూడు వారాలైంది. ఏడేళ్ళు. సంరక్షణ ఆఫీసు వాళ్ళు రెండు నెలలు మా దగ్గర ఉంచి చూస్తారట. అంతా బాగుందనుకుంటే అప్పుడు దత్తత కాగితాలు. ఇంతకుముందు రెండిళ్ళలో ఉంది. రెండిళ్ళవాళ్ళూ తిరిగి పంపేశారు. "ఏమడిగినా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటుందండీ" అన్నారట. మాతోనూ అంతే, ఇప్పటిదాకా ఒక్క మాట లేదు. పెట్టింది తింటుంది, మెడ నిటారుగా పెట్టుకుని ఇల్లంతా ఒకసారి చూసొస్తుంది, సోఫాలో చివర కూర్చుంటుంది. మేమే అద్దెకున్నట్టు, తనే ఇల్లుగలామె అయినట్టు ఉంటుంది వాలకం. అందుకని దొరసాని అని పేరు పెట్టాను. మీ మరదలు ముందు కోప్పడింది, ఇప్పుడు తనూ అదే పిలుస్తోంది.

నేనూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వచ్చిన రెండోరోజే ఇంట్లో తలుపులన్నిటికీ గడియలు మార్చాను. దొరసాని గదికీ, స్నానాల గదికీ ఇత్తడివి పెట్టాను. నా చేత్తో అరగదీసి బిగించాను. ఏనుగు గుద్దినా ఊడవు. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ తాళాలు బాగుచేస్తున్నాను, ఇన్నాళ్ళకి సొంత ఇంటికి మోక్షం కలిగింది.

అసలు పని ఇప్పుడు చెబుతున్నాను. ఆఫీసు నుంచి నీకో ఫారం వస్తుంది. పిల్లను పెంచడానికి నేను తగినవాణ్ణని దగ్గరి బంధువు రాసివ్వాలట. అమ్మ లేదు, నాన్న సంగతి సరేసరి. ఇంక మిగిలింది నువ్వే. నువ్వు రాయకపోతే పిల్లను మా దగ్గర ఉంచరు. పెన్ను దగ్గర పెట్టుకో.

నీ తమ్ముడు

జూన్ 11

మొండిఘటానికి అక్క రాస్తున్నది.

నీ ఉత్తరం వార్డులోనే అందింది. నాలుగో మంచం మీది గడుగ్గాయి సూదికి భయపడి నా వాచీ ఎత్తుకుపోయి దిండు కింద దాచాడు. వాచీ ఇస్తే సూది వెయ్యనని చెప్పి, వాచీ తీసుకుని సూది వేశాను. ఇప్పుడు నాతో మాట్లాడ్డం లేదు. కాబట్టి పిల్లల విషయంలో నేను చెప్పే సలహాలు నువ్వు కాస్త చూసుకుని పాటించు.

మాట్లాడలేదని కంగారుపడకు. ప్రశ్నలు వెయ్యకు. నీ పని నువ్వు చేసుకుంటూ పక్కన ఉండు, అంతే. భయపడ్డ పిల్లలు మాటల్ని నమ్మరు, కాళ్ళ చప్పుడు వింటారు. మా వార్డులో రోజూ చూస్తున్నదే. పొద్దున్న డ్యూటీ మొదలయ్యే ముందు నర్సులందరం కలిసి చేసే ప్రార్థనలో నీ దొరసాని కోసం కూడా అడుగుతున్నాను.

ఒక్క మాట మాత్రం నా మనసులో ముల్లులా ఉండిపోయింది. గడియలెందుకురా? ఏడేళ్ళ పిల్ల ఉన్న ఇంట్లో ఏనుగు గుద్దినా ఊడని గడియ దేనికి? నీ చేతులు అచ్చం నాన్న చేతులే. ఆ బొటనవేలూ, ఆ పట్టూ అన్నీ ఆయనవే. కోపం వచ్చినప్పుడు వాటిని ఎక్కడ పెడుతున్నావో చూసుకో. అక్కగా చెప్పాల్సింది చెప్పాను. ఇంక తిట్టుకో.

ఫారం ఇంకా రాలేదు. మరదలికి స్టేషన్లో టికెట్ల కౌంటర్ దగ్గర నిలబడి నిలబడి కాళ్ళు లాగుతాయి, వేడినీళ్ళు కాచి ఇవ్వు. సేవ చేస్తే అరిగిపోవు.

అక్క

జూన్ 20

అక్కా,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకుంటే అనుకో. నాన్న చేతులట! అవునమ్మా, ఆయనవే. సంతకం పెట్టి మరీ ఇచ్చాడు. నాకు నలభై దాటింది, ఈ చేతులతో ఇంతవరకూ ఒక్కరి మీద దెబ్బ వెయ్యలేదు. ఇరవై ఏళ్ళుగా కాపురం చేస్తున్నది మీ మరదలు, ఆమెనడుగు. అడగవు. నాకు జాగ్రత్తలు చెప్పడం నీకు తేలిక. నాలుగు రోజులు ఈ ఉత్తరం రాయకుండా పళ్ళ బిగువున కూర్చున్నాను, ఐదోరోజు కూర్చోలేకపోయాను.

సరే, దొరసాని సంగతి చెబుతాను. సెలవులు కదా, నాతో షాపుకి వస్తోంది. కుర్చీ వేశాను, కూర్చోదు. బల్ల దగ్గరే నిలబడి పాత తాళంచెవులన్నిటినీ పొడుగువారీగా పేరుస్తుంది. మొన్న ఒకాయన ఇనప్పెట్టె చెవి పారేసుకుని లబోదిబోమంటూ పెట్టెతో సహా వచ్చాడు. నేను రెండు సన్నటి ఇనప పుల్లలు పెట్టి అర నిమిషంలో తెరిచాను. ఆయన నాకు దణ్ణం పెట్టాడు. దొరసాని మాత్రం నా చేతులవంక చూస్తూ ఉండిపోయింది. మెచ్చుకుందేమో అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక తన గది తలుపు కన్నంలోకి చాలాసేపు తొంగి చూసింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఇరవయ్యారో తారీకు నాలుగింటికి ఆఫీసు నుంచి అధికారి ఇల్లు చూడ్డానికి వస్తుంది. రానీ. ఆ ఇద్దరిలాగా నేను పంపించేవాణ్ణి కాదు. అది మాట్లాడినా సరే, పదేళ్ళు మాట్లాడకపోయినా సరే. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, నీకు తెలిసిందే. నీ ఫారం వచ్చిందా?

నీ తమ్ముడు (చేతులు జేబులో పెట్టుకుని రాస్తున్నాను)

జూలై 2

నిన్ను ఏమని పిలవాలో తెలియడం లేదు.

ఫారం వచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, చదువుకో. "జూన్ 26న మా అధికారి వెళ్ళేసరికి పిల్ల మూసిన స్నానాల గదిలో సుమారు ఐదు గంటలుగా ఉంది. తలుపు తెరవమని అధికారి కోరగా సంరక్షకుడు నిరాకరించాడు. దీనిపై మీ అభిప్రాయం తెలపగలరు."

ఐదు గంటలు! నీకు గుర్తులేదా? సామాన్ల గది గుర్తులేదా? లెక్క తప్పు చేశావని, పాలు ఒలకబోశావని, చివరికి నవ్వావని కూడా నిన్ను అందులో పెట్టి నాన్న బయట గడియ వేసేవాడు. నువ్వు ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెట్టేవాడివి. నాకు పన్నెండేళ్ళప్పుడు బడి నుంచి ఆలస్యంగా వచ్చినందుకు బెల్టు తీస్తే, నా గదిలోకి పరిగెత్తి లోపల గడియ పెట్టుకున్నాను. గునపం తెచ్చి తలుపు పగలగొట్టాడు. ఆ తలుపు మళ్ళీ పెట్టించలేదు. నేను ఉద్యోగానికి ఇల్లు వదిలేదాకా నా గదికి పాత దుప్పటే తలుపు. ఆ రెండూ చూసి పెరిగినవాడివి నువ్వు. ఆ గడియలు ఎందుకురా అని నేను అడిగితే చేతుల గురించి రెండు పేజీలు రాశావు గానీ గడియ గురించి ఒక్క ముక్క రాయలేదు. ఎందుకు రాయలేదో ఇప్పుడు తెలిసింది.

అభిప్రాయం దగ్గర "తగడు" అని రాశాను. మూడే అక్షరాలు. సంతకం పెట్టి నిన్ననే పోస్టు చేశాను. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని, నా మీద నీకు ఎంత కోపం వచ్చినా పడతాను. ఆ పిల్లకి మాత్రం మన బతుకు వద్దు.

అక్క

జూలై 6

అక్కా,

పూర్తిగా చదువు. చదివాక చింపెయ్యాలనిపిస్తే అప్పుడు చింపు.

ఆ అధికారి రాసింది అబద్ధం కాదు. ఐదు గంటలు నిజం. నేను తెరవనన్నదీ నిజం. గడియ లోపల ఉందని మాత్రం రాయలేదు. ఫారంలో ఏం జరిగిందో రాయడానికి రెండు గీతలే ఉన్నాయట. నేనూ నీకు రాయలేదు, నా బుద్ధితక్కువ. దొరసాని వచ్చిన రెండోరోజు ఇంట్లో ఏ తలుపుకీ బయట గడియ లేకుండా మొత్తం ఊడబీకాను. లోపలివైపు, దాని చెయ్యి అందే ఎత్తులో కొత్తవి పెట్టాను. తలుపు వేసుకోవాలనిపిస్తే వేసుకోగలగాలి, ఎవరూ విరగ్గొట్టలేకుండా ఉండాలి. నీ గదికి వేలాడిన ఆ దుప్పటి ఎనిమిదేళ్ళప్పటి నుంచి నా కళ్ళముందే ఉంది. నేను తాళాల పని ఎందుకు నేర్చుకున్నాననుకున్నావు?

ఆ రోజు పొద్దున్న మీ మరదలు డ్యూటీకి వెళుతూ, "నాలుగింటికి ఆఫీసావిడ వస్తుంది, ఇల్లు కాస్త సర్దండి" అంది. పదకొండింటికి స్నానాల గది గడియ పడిన చప్పుడు వినబడింది. చూస్తే దొరసాని లేదు, మంచం కింద ఉండే దాని బట్టల సంచీ లేదు. అప్పుడు వెలిగింది నాకు. వెనకటి రెండిళ్ళలోనూ ఆవిడ వచ్చిందంటే బట్టలు సర్దడమే. అందుకని సంచితో సహా లోపలికెళ్ళి కూర్చుంది.

తలుపు మీద ఒకసారి తట్టాను. "నేను ఇక్కడే ఉన్నాను. బాగానే ఉంటే నువ్వూ ఒకసారి తట్టు" అన్నాను. కాసేపటికి లోపలి నుంచి టక్ మంది. పావుగంటకోసారి అలాగే చేశాం. తిరిగి తట్టకపోతే ఆ క్షణమే తెరిచేవాణ్ణి, నీ మీదొట్టు. తలుపు కింద నుంచి బిస్కెట్లు ఒక్కొక్కటీ తోశాను, తీసుకుంది.

ఒంటిగంటయ్యేసరికి నా చేతులు దురద పెట్టడం మొదలుపెట్టాయి. ఆ గడియ నేను పెట్టిందే. తలుపు కన్నంలోంచి సన్నటి పుల్ల ఒకటి పెడితే చాలు. పాపం ఆకలేస్తుందేమో, చెమట పడుతుందేమో, తెరిచి ఎత్తుకుంటే అయిపోతుంది కదా అని మనసు ఒకటే పోరు. పనిముట్ల సంచి చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు అర్థమైంది, అది ఆ సాయంత్రం తలుపు కన్నంలోకి ఎందుకు తొంగి చూసిందో. నేను ఏ తలుపైనా తెరవగలనని దానికి తెలుసు. నేను గడియ పెట్టి ఇచ్చినా, నా చేతిలో పుల్ల ఉన్నంతకాలం అది గడియ కాదు. వరండాలోకి వెళ్ళి కింద ఇస్త్రీ షాపాయన్ని కేకేసి, సంచి పైనుంచి కిందికి వదిలాను. "సాయంత్రం దాకా నేనే వచ్చి అడిగినా ఇవ్వకండి" అన్నాను. ఆయన నన్ను ఎలా చూశాడో రాయడానికి ఈ కాగితం చాలదు.

నాలుగింటికి ఆవిడ వచ్చింది. "మీరు తాళాలు తీసేవారు కదా, తియ్యండి" అంది. తియ్యనన్నాను. "చేతకాదా?" అంది. చేతనవును గాబట్టే తియ్యనన్నాను. ఆవిడకు కోపం వచ్చి కిందికెళ్ళి వాచ్‌మన్‌ని తీసుకొచ్చింది. వాడి చేతిలో గునపం.

అక్కా, గునపం చూడగానే తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. "ముందు నన్ను పగలగొట్టండి, తర్వాత తలుపు" అన్నాను. ఆవిడ అరుస్తోంది, వాచ్‌మన్ నసుగుతున్నాడు. అప్పుడు నా వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. ఆరు వారాలుగా మా ఇంట్లో ఎవరూ వినని గొంతు.

"మీ సంచేది?"

అందరం ఆగిపోయాం. "కింద ఇస్త్రీ ఆయనకిచ్చేశాను" అన్నాను.

"ఎందుకు?"

"నా చేతులు ఊరుకోవేమోనని భయమేసింది."

"మీకు ఇది తీయడం వచ్చా?"

"వచ్చు. అర నిమిషం."

తర్వాత గడియ తీసిన చప్పుడైంది. ఒక చేతిలో బట్టల సంచి, రెండో చేతిలో సగం తిన్న బిస్కెట్. నేను కిందికి కూలబడ్డాను. వచ్చి నా ఒళ్ళో కూర్చుంది, ఆఫీసావిడని చూస్తూ. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అయినా, "జరిగింది జరిగినట్టు రాయాలి, మీ అక్కగారి మాట వచ్చాక చూస్తాం" అంది. ఆవిడ తప్పేం లేదు. ఇప్పుడు నీ మాట వాళ్ళకి చేరింది. పదిహేనో తారీకున తేలుస్తారట.

బయట కూర్చోవడం నాకెవరు నేర్పారో నువ్వు మర్చిపోయావు. నేను సామాన్ల గదిలో ఉన్నప్పుడు నువ్వు బయట నేలమీద పడుకుని తలుపు కింద సందులోంచి నాలుగు వేళ్ళు లోపలికి పెట్టేదానివి. అవి పట్టుకుని కూర్చునేవాణ్ణి. గడియ తియ్యడానికి నీకు ఎత్తు చాలేది కాదు. నువ్వు ఏమీ చెయ్యలేకపోయావనే నీకు గుర్తు. నువ్వు లేచి వెళ్ళలేదని నాకు గుర్తు. దేవుడంటే నాకు మొదట తెలిసింది ఆ నాలుగు వేళ్ళే. ప్రార్థనలో అందరూ "తండ్రీ" అన్నచోట నువ్వు పెదవులు బిగిస్తావని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, పక్కన మోకరించినవాణ్ణి. ఎందుకో కూడా తెలుసు. ఎప్పుడూ అడగలేదు. నువ్వు లోపల గడియ పెట్టుకున్నావు కదా అని ఊరుకున్నాను.

నీ మీద కోపం లేదు. పాము కరిచినవాళ్ళు తాడు చూసి అరుస్తారు. పిల్లను మాత్రం వదలను. నువ్వు రాసినా రాయకపోయినా పదిహేనున వాళ్ళ ఆఫీసు ముందు కూర్చుంటాను.

తమ్ముడు

జూలై 12

నాన్నా తమ్ముడూ,

నీ ఉత్తరం మందుల గదిలో నిలబడి చదివాను. మూడుసార్లు చదివాను. నాలుగోసారి కళ్ళు కనబడలేదు.

ఆ వేళ్ళ సంగతి నిజంగా మర్చిపోయాను. నీ ఉత్తరం చదివాక నా కుడిచేతివంక చూసుకుంటూ ఎంతసేపు ఉన్నానో తెలియదు. ఇన్నేళ్ళూ నేను ఒకటే అనుకున్నాను. దేవుణ్ణి తండ్రి అంటున్నారంటే ఆయన చేతిలోనూ గునపం ఉండే ఉంటుంది, నేను ఎక్కడ దాక్కున్నా విరగ్గొట్టుకుని వస్తాడు అని. అందుకే ప్రభువా అన్నాను, దేవా అన్నాను, ఆ ఒక్క మాట మాత్రం నోట రానివ్వలేదు. ఆయన రాలేదు. విరగ్గొట్టనూ లేదు. ఇంట్లో లేడేమో అనుకున్నాను. తలుపు బయట కూర్చుని ఉండొచ్చని నాకు ఒక్కనాడూ తట్టలేదు. తెరవడం చేతనై కూడా కూర్చున్నాడు. నలభై ఏళ్ళు కూర్చున్నాడు. నేను కోపంతో ఉన్నా, మొక్కుబడిగా మొక్కినా, లేచి వెళ్ళలేదు. నాకు ఇప్పుడు ఏడుపు వస్తోంది, సిగ్గుగా కూడా ఉంది. వాటికంటే ఎక్కువగా సంతోషంగా ఉంది.

ఈ పొద్దున్న ప్రార్థన చెయ్యడం నా వంతు. "తండ్రీ" అందామని నోరు తెరిస్తే "నాన్నా" అని వచ్చింది. చిన్న నర్సులు కళ్ళు తెరిచి చూశారు. మళ్ళీ అన్నాను, ఈసారి గట్టిగా. తర్వాత ఇంకేం అడగాలో గుర్తురాలేదు, ఆమెన్ అనేసి మందుల ట్రే తీసుకున్నాను.

ఇంక పని సంగతి. ఆఫీసుకి ఫోన్ చేశాను. ఇచ్చిన అభిప్రాయం వెనక్కి తీసుకోవడం కుదరదట, నియమం అట. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మొండిదాని సంగతి వాళ్ళకింకా తెలియదు. పద్నాలుగున రాత్రి బండికి టికెట్ తీసుకున్నాను. వాళ్ళు తలుపులు తెరిచేసరికి గుమ్మంలో ఉంటాను. సెలవు ఒక్కరోజే ఇచ్చారు, మీ ఇంటికి రాలేను. నువ్వు ఆఫీసు ముందు కూర్చోనక్కర్లేదు, పిల్లతో ఇంట్లో ఉండు. తప్పు చేసింది నేను, దిద్దుకోవాల్సింది నేను.

అక్క

జూలై 21

అక్కా,

దొరసాని మా దగ్గరే ఉంటుంది. ముందు ఇది చదివేసి ఊపిరి పీల్చుకో, మిగతాది తర్వాత.

నిన్న పిలిచారు. మీ మరదలు సెలవు పెట్టింది, ముగ్గురం వెళ్ళాం. ఆఫీసావిడ, "మీ అక్కగారు మనిషి కాదండీ" అంది. నువ్వు తొమ్మిదింటికి వెళ్ళి బల్ల ముందు కూర్చుని, కాగితం మార్చడం కుదరదంటే ఇంకో కాగితం చేర్చడం కుదురుతుంది కదా అని నిలదీశావట. పెద్దాయన మధ్యాహ్నం రమ్మంటే, "ఇక్కడే కూర్చుంటానండీ, మా ఇంట్లో అందరికీ అలవాటే" అన్నావట. అప్పుడు రాసిచ్చింది మాకు చూపించారు. ఒకసారి చదవనిచ్చారు, నకలు ఇవ్వలేదు. అయినా నాకు కంఠతా వచ్చేసింది.

"ఇంతకుముందు తగడు అని రాసింది నేనే. అది మా నాన్న గురించి రాశాను, పేరు తప్పుగా మా తమ్ముడిది పడింది. ఈ పిల్ల లోపల ఉన్నంతసేపూ వీడు బయట ఉన్నాడు. నేను దేవుణ్ణి నమ్మే మనిషిని. ఆయన తండ్రి అని నలభై ఏళ్ళుగా వింటున్నాను, ఈ నెలలోనే నమ్మాను. నమ్మింది వీణ్ణి చూసి. వీడు తగడంటే ఇంకెవరూ తగరు."

మీ మరదలు అక్కడే భోరుమంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆవిడ ముద్ర వేసి, దత్తత కాగితాలు పై ఆఫీసుకి పంపుతున్నామంది. దొరసాని బల్లమీదికి మెడ చాచి, "ఇంక మీరు మా ఇంటికి రారా?" అని అడిగింది. "వస్తాను, ఊరికే చూడ్డానికి" అందావిడ. "నాలుగింటికి రాకండి" అంది మనది.

ఇప్పుడు ఇంట్లో ఒకటే వాగుడు. నిన్న సాయంత్రం నుంచి కొత్త ఆట కూడా మొదలైంది. ఉన్నట్టుండి స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటుంది. నేను చేస్తున్న పని వదిలేసి వెళ్ళి తలుపు బయట కూర్చోవాలి. ఇందాక ఈ ఉత్తరం రాస్తుంటే మళ్ళీ గడియ పడింది. కాగితం పట్టుకుని వచ్చి ఇక్కడే నేలమీద కూర్చుని రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి. నిమిషానికోసారి లోపలి నుంచి అడుగుతోంది, "ఉన్నావా?" అని.

ఉన్నానమ్మా అంటున్నాను.

నీ తమ్ముడు